నిలువనీడ లేమి: తెలుగు సాహిత్యమున కర్తృవిచారము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, గండిపేట జలాశయమునకు చేరువను కోకాపేట యను గ్రామము కలదు. ఒకప్పుడు పొలములు, రాతిగుట్టలు గల యీ యూరు నేడు నగరమున మిక్కిలి వెలగల భూమిగా ప్రసిద్ధి కెక్కినది. 2021 జూలైలో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ యిచ్చట దాదాపు 50 ఎకరములను వేలము వేయగా 2,000 కోట్ల రూపాయలు వచ్చినవి. 2023 ఆగస్టులో 45 ఎకరములకు పైబడిన భూమికి 3,319 కోట్లు వచ్చినవి. అందొక స్థలమునకు ఎకరమొక్కింటికి పలికిన ధర 100 కోట్ల 75 లక్షలు. ఆ వేలపు భూమికి పెట్టిన పేరు 'నియోపోలిస్'. గ్రీకు భాషలో దానికి క్రొత్త నగరమని యర్థము.

ఈ క్రొత్త నగరమును కట్టుచున్న వారికి అందు చోటు లేదు. నలుబది, ఏబది అంతస్తుల కట్టడముల చెంతనే రేకుల షెడ్లు వరుసలుగా నుండును. పాలమూరు ప్రాంతము నుండియు, ఒడిశా, బీహారు, ఝార్ఖండు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముల నుండియు వచ్చిన కూలీలు, కొందరు ఆలుబిడ్డలతో, అందు తల దాచుకొందురు. పని ముగిసిన నాడు షెడ్డు తొలగిపోవును. మనుష్యులు వేరొక పునాదిగుంత యొద్దకు తరలుదురు. పాలమూరు కూలివానిని 'మీ ఇల్లెక్కడ' అని యడిగినచో 'ఊర్ల ఉన్నది' అను సమాధానము సర్వసాధారణముగా వినవచ్చును. ఆ యూరియింటికి తాళము వేసియుండును, లేదా ముసలి తల్లిదండ్రులు కావలి యుందురు. ఇల్లున్నచోట కూడు లేదు. కూడున్నచోట ఇల్లు లేదు.

భూముల ధరలతోడను, రేకుల షెడ్లతోడను సాహిత్య పరిశోధన పత్రికకు పనియేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. మా సమాధాన మిది. ఇల్లు లేనివానిని గూర్చిన కావ్యమును, గేయమును, నవలను మనము తరగతులలో బోధించుచున్నాము. ఇందలి రసమేది యని యడుగుదుము. కరుణమని విద్యార్థి చెప్పును. అంతటితో పాఠము ముగియును. వాని ఇంటిని పోగొట్టిన దెవరు అను ప్రశ్న సాంఘిక శాస్త్రమునకు చెందినదని త్రోసిపుచ్చుదుము. ఆ ప్రశ్న సాహిత్య విమర్శకే చెందినదనియు, దాని నడుగనిచో కరుణరస విచారము సగములో ఆగిపోవు ననియు ఈ వ్యాసమున నిరూపింప బూనితిమి.

1. పలుకుబడులలోని కర్త

మొదట భాషను చూతము. తెలుగున నిలువనీడ లేమిని తెలుపు పలుకుబడులు పెక్కు గలవు. ఇల్లు పోయినది, గూడు చెదరినది, కొంప మునిగినది, సంసారము వీధిన పడినది — ఇందలి క్రియలన్నియు అకర్మకములు. ఇల్లు తనంత తాను పోయినట్లును, గూడు తనంత తాను చెదరినట్లును వాక్యము చెప్పును. ఊరు విడిచినారు, పొట్ట చేత బట్టుకొని పోయినారు అను వాక్యములలో కర్త కలడు గాని, ఆ కర్త బాధితుడే. వెడలగొట్టబడినవాడే వెడలిపోయినవాడుగా వ్యాకరణమునకు దొరకినాడు.

అయిన తెలుగు భాష కర్తను చెప్పనేరనిదని తలపరాదు. కొంప ముంచినాడు, కొంప తీసినాడు, ఇల్లు గుల్ల చేసినాడు, వెడలగొట్టినాడు అను సకర్మక వాక్యములు ప్రజల నోట నిత్యము వినబడును. తెలంగాణమున 'బేదఖలు చేసినారు' అను మాట ఇట్టిదే. భూమి నుండి రైతును తొలగించుటను ఈ యొక్క మాట సూటిగా చెప్పును; చేసినవా డెవడో చెప్పక తీరనట్లు వాక్యమును నడపును. జగడములలోను, పంచాయతీలలోను, కచేరి దరఖాస్తులలోను కర్త స్పష్టముగా నుండును. సానుభూతి చూపు రచనలలో మాత్రము అతడు తరచుగా మాయమగును. ఈ వ్యత్యాసము గమనింపదగినది.

సంస్కృత పదములు రెండింటిని పోల్చినచో విషయము మరింత విశద మగును. 'అనికేతుడు' అనగా ఇల్లు లేనివాడు. భగవద్గీత పండ్రెండవ యధ్యాయమున ఇది భక్తుని సద్గుణములలో నొకటి. 'నిర్వాసితుడు' అనగా నివాసము నుండి తొలగింపబడినవాడు. ఇందలి ప్రత్యయము కర్మార్థకము. కావున తొలగించినవాడు వేరొకడు ఉండియే తీరవలెను. మన సాహిత్యమున ఇల్లు లేనివారు మూడు తెగలుగా కనబడుదురు. ఇంటిని తాను త్యజించినవాడు విరాగి. ఇంటిని వెంట గొనిపోవువాడు సంచారి; గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, దొమ్మరులు ఈ తెగలోనివారు. ఇల్లు లాగికొనబడినవాడు నిర్వాసితుడు. బయటకు మువ్వురును ఒక్కతీరుననే చెట్టుక్రింద కూర్చుండినట్లు కనబడుదురు. నిర్వాసితుని చూచి విరాగికి తగిన గౌరవమునో, సంచారికి తగిన వింత ముచ్చటనో చూపి ఊరకుండుట మన విమర్శలో తరచు జరుగు పొరపాటు.

2. కరుణమునకు విభావము

కారణాన్వేషణము రసచర్చకు వెలుపలిదను వాదము శాస్త్రసమ్మతము కాదు. భరతుడు కరుణరసమునకు శోకము స్థాయి యని చెప్పి విభావములను పేర్కొనినాడు. శాపము, క్లేశము, ఇష్టజన వియోగము, విభవనాశము, వధ, బంధనము, విద్రవము అందున్నవి. విభవనాశ మనగా ఉన్నది పోవుట. విద్రవ మనగా చెల్లాచెదరై పారిపోవుట. నేటి వలసకూలి బ్రతుకున నీ రెండును గలవు. విభావ మనగా రసకారణము. కారణము లేక స్థాయి ఉద్బుద్ధము కాదు. కన్నీరు, నిట్టూర్పు, వైవర్ణ్యము అనుభావములు మాత్రమే. చినిగిన బట్టను, చిక్కిన మేనిని, ఆకలిని వర్ణించి, అవి ఎట్లు సంభవించినవో చెప్పని రచనలో అనుభావములు కుప్పగా నుండును. విభావము బలహీనముగా నుండును. అట్టి రచన చదువరికి జాలిని కలిగించును గాని కరుణమును నిష్పన్నము చేయజాలదు. జాలి చూచినవాని మనస్సును కొంత తేలికపరచును. కరుణము అతనిని నిలిపి ఆలోచింపజేయును.

3. ప్రాచీన కావ్యములు

మన ప్రాచీన కవులు ఈ విషయమున ఏమరలేదు. నన్నయ భట్టారకుని యరణ్యపర్వమున నలోపాఖ్యానము కలదు. నలుడు రాజ్యమును, ఇంటిని కోల్పోయి దమయంతితో నడవుల పాలగుటకు పుష్కరుడు జూదమున గెలుచుట కారణము. అతని వెనుక కలిపురుషు డున్నాడు. మానవ కర్తయు, దైవ కర్తయు ఇరువురును చెప్పబడిరి. ఈ కథను వినువాడు ధర్మరాజు. అతడును జూదమున సర్వమును పోగొట్టుకొని యడవిలో నున్నవాడే. ఇల్లు పోయినవానికి ఇల్లు పోయినవాని కథ చెప్పబడినది. ఓదార్పునకు అవసరమైనది కారణ జ్ఞానమని ఆ సన్నివేశమే తెలుపును.

గౌరన ద్విపదగా రచించిన హరిశ్చంద్రోపాఖ్యానము, తరువాత రంగస్థలముపై తెలుగునాట నెల్లెడల ఆడబడిన బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకము, ఒకే కథాక్రమమును చెప్పును. మొదట ఋణము, పిదప ఆలుబిడ్డల విక్రయము, పిదప తన్ను తాను అమ్ముకొనుట, తుదకు కాటికాపరితనము. ఋణదాత విశ్వామిత్రుడు ప్రేక్షకుల యెదుట నిలిచియే యున్నాడు. పల్లెలలోని ప్రేక్షకులు ఆ నాటకమును చూచి కంటతడి పెట్టుటకు పద్యముల మాధుర్య మొక్కటియే హేతువు కాదు. అప్పు మనిషిని ఇంటి నుండి శ్మశానము వరకు ఎట్లు నడిపించునో వారెరుగుదురు. పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సుతో కట్టివేసి దూరదేశములకు గొనిపోవుట ఆ క్రమమునకు దగ్గరగా నున్నది.

ఉత్తర రామాయణ కథను కంకంటి పాపరాజు మొదలగువారు తెనిగించిరి. నిండు చూలాలగు సీత అడవిలో విడువబడినది. విడువుమనినవాడు రాముడు, విడిచినవాడు లక్ష్మణుడు, కారణము లోకాపవాదము. ఇందు కర్తలెవ్వరును దాగలేదు. ఇల్లాలు అను మాటలోనే ఇల్లున్నది. కాని ఆ యిల్లు ఆమెది కాదని ఈ కథ చెప్పును. పుట్టినిల్లు, మెట్టినిల్లు అను రెండిండ్లు గల స్త్రీకి రెంటిలో దేనియందును హక్కు లేకపోవుట నేటికిని అనేక స్త్రీలను వీధిపాలు చేయు కారణములలో నొకటి.

పోతన భాగవతమున దశమస్కంధములోని కుచేలోపాఖ్యానము వేరుతీరుగా నున్నది. ద్వారకనుండి మరలివచ్చిన కుచేలునకు తన పూరిగుడిసె కనబడలేదు. దాని చోట మేడ యున్నది. ఇది యెవరిదోయని అతడు విస్మితుడై నిలిచెను. పిదప అది తనదేయని తెలిసెను. గుడిసె తొలగుటకును, మేడ వెలయుటకును కర్త ఒక్కడే. ఆ మేడయు గుడిసెవానికే దక్కినది. కోకాపేట వంటి యూళ్ళలో గుడిసె యున్నచోట మేడ లేచుటను నేడు మనమును చూచుచున్నాము. కుచేలుని విస్మయమును చూచుచున్నాము గాని, పిదపటి ఘట్టము అందరికిని అనుభవములోనికి రాలేదు. ప్రాచీన కథలలో నలునకు రాజ్యము, హరిశ్చంద్రునకు సింహాసనము, కుచేలునకు మేడ లభించినవి. కర్తను చెప్పియు కవులు శాంతి చేకూర్చగలిగిరి. ఏలయన తుది కర్త దైవము. ఆధునిక రచయితకు ఆ యాశ్రయము లేదు.

4. ఆధునిక రచనలు

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వెలువడినది. రామదాసు కుటుంబము భూమిని కోల్పోయి, కచేరి, చెరసాల, సెటిల్మెంటు అను మెట్లమీదుగా జారిపోవును. ఒక్కొక్క మెట్టు వద్ద ఒక్కొక్క కర్త కలడు: భూస్వామి, ఋణము, పోలీసు, శాసనము. నిలువనీడ పోవుట ఒకనాటి యాపద కాదనియు, అది క్రమముగా జరుగు కార్యమనియు తెలుగు నవల మొదటిసారి విపులముగా చూపినది ఇందే యని మా యభిప్రాయము.

జాషువ 'గబ్బిలము' 1941లో వచ్చినది. అందలి నాయకునకు గుడిసె కలదు, ఊరు లేదు. దేవాలయములో గబ్బిలమునకు గల చోటు అతనికి లేదు. అందువలననే అతడు తన విన్నపమును గబ్బిలము ద్వారా శివునకు పంపును. ఇల్లు లేమి, ఊరిలో చోటు లేమి అను రెండింటి సంబంధమును ఈ కావ్యమువలె తెలిపిన రచన మరియొకటి యరుదు. బోయి భీమన్నకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును తెచ్చిన గ్రంథపు పేరు 'గుడిసెలు కాలిపోతున్నై'. ఆ పేరులోని క్రియ అకర్మకము. కాల్చినవాని పేరు చెప్పక, గుడిసెలు వాటంతట అవి కాలునా యని చదువరియే యడుగునట్లు చేయుట ఆ పేరునకు బలము.

శ్రీశ్రీ 'మహాప్రస్థానము' గ్రంథరూపమున వెలువడినది 1950లో. అందలి 'భిక్షువర్షీయసి' గేయమును మన కళాశాలలలో చాలకాలముగా బోధించుచున్నాము. దారిప్రక్కన చెట్టుక్రింద నొక ముదుసలి. ఆమె మరణించినచో బాధ్యులెవ్వరని గాలి యడిగిపోవును. కుక్క బదులీయదు. ఎంగిలాకు తనకు సంబంధము లేదనును. కవి యే కర్తను పేర్కొనలేదు. అయినను ఈ గేయమును కర్తను దాచిన రచనలలో చేర్చరాదు. ప్రశ్నను స్పష్టముగా నడిగి, అల్పప్రాణులచేతను, ఆకుచేతను సమాధానము చెప్పించి, మనుష్యుని మౌనమును చదువరికి వినిపించినాడు. కర్తను చెప్పకుండుట వేరు. కర్త లేనట్లు చెప్పుట వేరు. ఈ భేదమును గుర్తించుటయే విమర్శకుని పని.

దిగంబర కవులు తమ మొదటి సంపుటమును 1965లో హైదరాబాదు వీధిలో నర్ధరాత్రమున నొక రిక్షా కార్మికునిచేతను, మూడవ సంపుటమును 1968లో విశాఖపట్టణమున నొక భిక్షుకురాలిచేతను ఆవిష్కరింపజేసిరి. పండితులకు, అధికారులకు దక్కు గౌరవమును వీధిలోనివారికి ఇచ్చుట సాహసమే. కాని ఆ రాత్రి గడచిన పిమ్మట ఆ మనుష్యులు ఎచ్చట నిద్రించిరను ప్రశ్న మిగిలియున్నది. ఇల్లు లేనివానిని ప్రతీకగా నిలుపుట సులభము. అతని కథను కారణముతో సహా చెప్పుట కష్టము. తరువాతి వచనకవిత్వమున మొదటిదే హెచ్చుగా కనబడుచున్నది.

5. తెలంగాణము, కోకాపేట

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లో వచ్చినది. నైజాము పాలనలో గ్రామపు పెత్తందారు భూములను కబళించు విధమును అది చూపును. జాగీర్ల రద్దు 1949లోను, కౌలుదారుల రక్షణ చట్టము 1950లోను హైదరాబాదు రాష్ట్రమున వచ్చినవి. బేదఖలును ఆపుటయే ఆ రెండవ చట్టపు ముఖ్యోద్దేశములలో నొకటి. అనగా ఆనాడు కర్త యెవరో రచయితకును, శాసనకర్తకును తెలియును.

తరువాతి కాలమున కర్త రూపు మారినది. శ్రీశైలము జలాశయమువలన కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో వందకు పైగా గ్రామములు ముంపునకు గురియైనవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. దేవునకు చూపిన ఆ శ్రద్ధ రైతు కుటుంబములకు దక్కియుండినచో పాలమూరు వలస కొంతయైన తగ్గియుండెడిది. కరవు, నీటి కొరత, చేతివృత్తుల క్షీణత దీనికి తోడైనవి. గోరటి వెంకన్న రచించిన 'పల్లె కన్నీరు పెడుతుందో' అను పాట 2002లో 'కుబుసం' చిత్రముద్వారా ఊరూర వ్యాపించినది. ఏ యే వృత్తి ఎట్లు పోయినదో యొక్కొక్కటిగా లెక్కపెట్టుట ఆ పాటలోని విశేషము. అది విభావమును వదలని కరుణము. వలసకు ముందటి కథను ఆ పాట చెప్పినది. వలస చేరిన చోటి కథను చెప్పవలసిన రచన, కోకాపేట వంటి చోట్లను గూర్చి, ఇంకను తగినంతగా రాలేదు.

అచ్చటి కర్త యెవడు? ఒక దొర పేరు చెప్పుటకు వీలు లేదు. భవన నిర్మాణ కార్మికులకొరకు 1996లో చేసిన కేంద్ర చట్టమును చూడుడు. పని సాగునంతకాలము యజమాని కూలీలకు ఉచితముగా తాత్కాలిక వసతి కల్పింపవలెనని అందు విధింపబడినది. పని ముగియగానే ఆ వసతిని తన ఖర్చుతో తొలగించి నేలను చదును చేయవలెననియు అందే యున్నది. మొదటి విధి దయతో కూడినది. రెండవది నేలను గూర్చినది. నేల చదునైన పిమ్మట మనుష్యుడు ఎచ్చటికి పోవలెనో ఆ నిబంధనలో లేదు. ఇచ్చట కర్త యొక వాక్యనిర్మాణము.

2011 జనాభా లెక్కలలో భారతదేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా నుండిరి. దారిప్రక్కలను, కాలిబాటలమీదను, పెద్ద గొట్టములలోను, వంతెనలక్రిందను, మెట్లక్రిందను, ఆలయ మండపములలోను, రైల్వే వేదికలమీదను నివసించువారు ఆ లెక్కలోనివారు. రేకుల షెడ్డులోని కూలి ఆ లెక్కకు రాకపోవచ్చును. అతనికి పైకప్పు కలదు, ఊరిలో తాళము వేసిన ఇల్లును గలదు. మాటకు నిర్వచనము ఇరుకైనకొలది మనుష్యులు దానినుండి జారిపోవుదురు. ఇది భాషాధ్యాపకులు ఆలోచింపవలసిన విషయము.

ప్రభుత్వ మేమియు చేయలేదనుట న్యాయము కాదు. కోకాపేటకు ఉత్తరమున కొల్లూరులో కట్టిన 15,660 రెండు పడకగదుల ఇండ్లు 2023 జూన్‌లో ప్రారంభింపబడినవి. నగరములోని పేదలకు అవి గొప్ప యాసరా. కాని నేడొకచోట, రేపొకచోట నుండు వలసకూలి పేరు అట్టి జాబితాల కెక్కుట కష్టము. 1985లో సర్వోన్నత న్యాయస్థానము బొంబాయి కాలిబాట నివాసుల వ్యాజ్యమున చెప్పిన తీర్పు ఇచ్చట స్మరింపదగినది. పని దొరకుచోటికి దగ్గరగా నుండుటకే వారు కాలిబాటను ఆశ్రయించిరని న్యాయమూర్తులు గుర్తించి, జీవనోపాధి హక్కు జీవించు హక్కులోని భాగమని చెప్పిరి. తగిన నోటీసుతో తొలగింపును మాత్రము అనుమతించిరి. కారణమును తెలిసికొనుటకు న్యాయస్థానము చేసిన యత్నమంతయైన మన వచనకవులలో పలువురు చేయలేదని చెప్పుటకు విచారించుచున్నాము.

6. ఆక్షేపములు

ఇట్లు కర్తను వెదకినచో కావ్యము అభియోగపత్రముగా మారదా యని ఆక్షేపింపవచ్చును. మారునది, కవి కర్తను ముందే నిర్ణయించికొని మనుష్యుని మరచిపోయినపుడు. 'మాలపల్లి' అభియోగము చేసినది. అయినను రామదాసు మన మనస్సున మనిషిగానే నిలిచియున్నాడు. కారణము తెలిసినకొలది మనిషి స్పష్టపడును గాని చెరగిపోడు.

అన్నింటికిని మనుష్యుడే కర్తయా అనునది రెండవ ఆక్షేపము. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదున వేలాది ఇండ్లను కొట్టుకొనిపోయినది. వర్షమునకు ఎవరు బాధ్యులు? వర్షమునకు కారు గాని, ఏటియొడ్డున ఎవరు, ఏల నివసించుచుండిరను ప్రశ్న మిగులును. ఆ వరద పిదప గండిపేట జలాశయము కట్టబడినది. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. ప్రకృతి కార్యమునకు సైతము మానవ బాధ్యత కలదని ఆనాటి పాలకులే ఒప్పుకొనిరి. రోగము, మద్యము, మతిభ్రమణము, కుటుంబ కలహము, వార్ధక్యము కూడ మనుష్యులను వీధిలోనికి త్రోయును. పెద్దాసుపత్రుల యెదుట కాలిబాటలపై నిద్రించు రోగుల బంధువులను, స్టేషనులలో తిరుగు బాలురను, విడువబడిన స్త్రీలను, ముదుసలులను ఒకే కారణముతో వివరింపజాలము. మేము కోరునది ఒకే కర్తను గాదు. ప్రతి కథకు దాని కర్తను వెదకుటను.

7. ముగింపు

కావున నిలువనీడ లేమిని గూర్చిన రచనను బోధించునపుడు మూడు ప్రశ్నలు వేయుట మంచిదని సూచించుచున్నాము. ఇతడు విరాగియా, సంచారియా, నిర్వాసితుడా? ఇతని ఇంటిని పోగొట్టిన కార్యము రచనలో కనబడుచున్నదా? కర్త చెప్పబడెనా, వెదకబడెనా, లేక లేనట్లు దాటవేయబడెనా? ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మట రసమేదియని యడుగుట సార్థకమగును.

పరిశోధక విద్యార్థులకు వేరొక పని గలదు. కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి ప్రాంతముల షెడ్లలో వినబడు పాటలను, సామెతలను, 'గుంపు మేస్త్రీ', 'అడ్వాన్సు', 'లేబరు అడ్డా' వంటి మాటలను సేకరించినవారు తక్కువ. జానపద వాఙ్మయమనగా పల్లెలలోనిదే యను తలంపు దీనికి కొంత కారణము. పల్లెను విడిచినవారి వాఙ్మయము వారు పోయినచోటనే దొరకును. అదియు షెడ్డు విప్పకముందే దొరకవలెను. కట్టడము పూర్తియై నేల చదునైన పిదప అడుగుటకు అచ్చట ఎవ్వరును ఉండరు. విజ్ఞులగు అధ్యాపకులును, ఉత్సాహవంతులగు విద్యార్థులును ఈ పనికి పూనుకొందురని ఆశించుచున్నాము.